మూడో గదిలో చీకటి

పూతకు ముందు

మూడో గదిలో దీపాలు ఆరిన తర్వాత తలుపు దగ్గరికి ఎవరు వచ్చినా రాసిపెట్టమని మా పనులు చూసే ఓవర్‌మన్ నాగమణి మేడం చెప్పింది. పోయిన పంట గింజ కట్టింది. అందుకే ఈ రాత. రాసేది నేను, ఓదెమ్మను.

ఈ రోజు కింది కొమ్మలు కత్తిరించాం. వెలుతురు అందని కొమ్మ తిండి తింటుంది గాని పూయదు. పై కొమ్మలను వంచి తొట్టి అంచులకు కట్టాం. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి ఉంటే పొడుగుదే దీపాన్నంతా తాగుతుంది. గుబురుగా ఉన్నచోట గాలి ఆడేలా ఆకు గిల్లేశాం. నీళ్లలో ఆకు ఎరువు తగ్గించి పూత ఎరువు మొదలుపెట్టాం.

తర్వాత కణుపులు చూసే పని. కణుపులో రెండు తెల్లని వెంట్రుకలు బయటికి వస్తే పెంటి మొక్క, ఆడది. కాడకు చిన్న ఉండ వేలాడితే పోతు మొక్క, మగది. గంజాయిలో పోతు మొక్క ఒక్కటి మిగిలినా గది గదంతా గింజ కడుతుంది. గింజ కట్టిన పూతలో నూనె ఉండదు. నూనె లేకపోతే చుక్కల మందు లేదు.

చుక్కల మందు విలువ నాకు తెలుసు. మా ఆయన రాజేశంకు నెత్తిన బండ పడ్డప్పటి నుంచి ఫిట్స్ వస్తున్నాయి. నాలుక కింద చుక్కలు వేస్తే రోజు గడుస్తుంది, వేయకపోతే గడవదు. గది పండించినవాళ్లకు మందులో వాటా ఉంటుంది. ఈసారీ గింజ కడితే మూడో గదిని పుట్టగొడుగులవాళ్లకు ఇచ్చేస్తానని మేడం చెప్పింది. గది పోతే వాటా పోతుంది.

పోతు మొక్కలు పెరుకుతూ పోశం ఒకటే వాగుడు. పోశం నాతో పాటు ఈ గదిలో పనిచేస్తాడు.

"మా తాత నేల పైన ఈ చెట్టు పెంచినందుకు జైలుకు పోయిండు ఒదినె. నేను పెంచకపోతే పంపుల కాడికి పోతా. మా వంశానికి ఈ చెట్టు పట్టుకున్నది."

"మీ తాత తాగెటోడా, అమ్మెటోడా?"

"అమ్ముదామనే పెంచిండట. తీరా అంతా ఆయనే తాగిండట."

వాడు నవ్వాడు. నేను నవ్వలేదు. ఈ గదికి తాళంచెవులు రెండే. ఒకటి నాది, ఒకటి వాడిది. పోయిన పంటలో పోతు మొక్క ఒక్కటి కూడా మిగల్లేదు, నేనే ప్రతి కణుపూ చూశాను. అయినా గింజ కట్టింది. అంటే చీకటిలో ఎవరో దీపంతో లోపలికి వచ్చారు. పూతకు పెట్టిన పెంటి మొక్క మీద చీకటి వేళ వెలుతురు పడితే దానికి మతి తప్పుతుంది, తన పూతలోనే పోతు తిత్తులు కాస్తుంది. పుప్పొడి రాలుతుంది. గింజ కడుతుంది.

దీపంతో వచ్చేవాడు ఎందుకు వస్తాడు? పూత కొసలు తెంపుకోవడానికి. మా బొగ్గుబాయిలో ఎవరి దగ్గర ఏముందో అందరికీ తెలుసు గాని, ఒక చిటికెడు ఎండు పూత ఎవరి దగ్గరున్నా ఎవరూ చెప్పరు.

పెరికిన పోతు మొక్కలు కాల్చడానికి పోశమే మోసుకుపోయాడు. కొలిమి దాకా వాడి వెనక పోవాల్సింది. పోలేదు.

మొదటి చీకటి

ఇన్నాళ్లూ మొక్కలకు వెలుతురు ఎక్కువ, చీకటి తక్కువ. నేటి నుంచి సగం సగం. పైన సూర్యుడు ఉన్నంతసేపు మనుషులెవరూ బయట నిలవలేరు గాని సోలార్ పలకల మీద కరెంటు బాగా పుడుతుంది. అప్పుడు గదిలో దీపాలు. పొద్దు గూకాక పలకలు తుడిచేవాళ్లు పైకి పోతారు, మిగతావాళ్లు పనికి వస్తారు, మా గదికి చీకటి పడుతుంది. గది బయటి బాటలో మాత్రం దీపం ఎప్పుడూ ఆరదు. బొగ్గు తీసిన కాలం నుంచీ బాయిలో అదే కట్టుబాటు.

అందుకే ఈ తలుపుకు ఇంత జాగ్రత్త. ఇనప తలుపు, దాని వెనక నేల దాకా నల్ల గొంగడి, చుట్టూ తారు పూసిన గుడ్డ. సందులన్నీ వేలితో తడిమి చూశాను.

చీకటి పెట్టే రోజు లోపల ముగ్గు పెట్టాలి. వరి పొట్టకొచ్చినప్పుడు మా అమ్మమ్మలు పొలం గట్టున పెట్టేవాళ్లట. మాకు గట్టు లేదు, గడప ఉంది. పొట్టతో ఉన్నదాని మీద పరాయి కన్ను పడకూడదని గొంగడికి లోపలి వైపే పెడతాం. చెరిగినచోట మళ్లీ దిద్దుతాం. పోయినేడు దాకా తెల్లరాయి పొడి ఉండేది. అది అయిపోయింది. ఇప్పుడు రాజేశమే గోడల మీది పాత బోర్డులు గీకి, దంచి, జల్లించి ఇస్తాడు. ఫిట్స్ మనిషికి వేరే పని ఎవరూ ఇవ్వరు. కూర్చుని చేసే పని గనక అది చేసుకుంటాడు. మంచి పొడి. గీత తెగకుండా పడుతుంది.

ముగ్గు పెట్టి, గొంగడి వదిలి, బయటికి వచ్చి తలుపు వేశాను. దీపాల మీట బయటే ఉంది. దించాను.

ఆరో చీకటి

తలుపు దగ్గరికి ఎవరూ రాలేదు. మొక్కలు సాగుతున్నాయి. పూతకు ముందు అట్లా సాగడం మామూలే.

పోశం చేతులు వాసన వచ్చాయి. మూడుసార్లు సబ్బు పెట్టి కడుక్కున్నా పోని వాసన. నా చేతులూ అదే వాసన వస్తాయి కదా అంటాడు. నావి పని దిగేటప్పుడు వస్తాయి. వాడివి పని ఎక్కేటప్పుడే వస్తున్నాయి.

పద్దెనిమిదో చీకటి

తలుపు పక్క వరుసలో పసుపు కనిపించింది.

తెల్ల వెంట్రుకల మధ్య సన్నగా, చిన్న అరటికాయలా వంగిన తిత్తి. ఒకటి. వేలు తడిచేసుకుని పొడి లేవకుండా తీశాను. తర్వాతి మొక్కలో రెండు. వెనక వరుసల్లో ఏమీ లేవు. అంటే వచ్చినవాడు తలుపు దగ్గరే నిలబడుతున్నాడు. లోపలి దాకా పోవడానికి ధైర్యం చాలడం లేదు.

పోశంతో ఏమీ అనలేదు. ఇంట్లో రాజేశంతో అన్నాను.

"వాడా?" అన్నాడు. "బండ పడ్డప్పుడు నాకు నెల దినాలు బువ్వ తినిపిచ్చింది వాడేనే."

"తినిపిస్తే? తాళంచెవి వాని కాడ లేదా?"

"నీ కాడ గూడ ఉన్నది."

"అంటే నా మీద అనుమానమా నీకు?"

"నాకు ఎవల మీద లేదు. ఆ అనుమానమేదో నువ్వే మోస్తున్నవ్. బరువైతే దించు."

రోకలి ఆపకుండా దంచుతూనే అన్నాడు.

పంతొమ్మిదో చీకటి

చీకటి పెట్టాక తలుపుకూ చట్రానికీ మధ్య ఒక నూలుపోగు గంజితో అంటించాను. తలుపు తెరిస్తే తెగుతుంది. పోశంకు చెప్పలేదు.

దీపాలు వేసే వేళకు వచ్చి చూస్తే పోగు తెగలేదు. లోపల కొత్త తిత్తులు మూడు.

పోగు వాడు చూసి ఉంటాడు. తెరిచి, లోపలి పని చూసుకుని, మళ్లీ అంటించి ఉంటాడు. గంజి వాళ్లింట్లోనూ ఉంటుంది.

ఇరవై ఒకటో చీకటి

పోశం పనిలో ఉండగా వాళ్లింటికి పోయాను. వాడి భార్య స్వరూపకు నెలలు నిండుతున్నాయి. గోడకు ఆనుకుని కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. నన్ను చూసి లేవబోయింది.

"కూసో, లేవకు. పోశం చెయ్యికత్తి మర్చిపోయిండట."

అబద్ధం నోటికి సులభంగా వచ్చింది. మంచం కింద చూశాను. తడి గోనెపట్టా కింద కట్ట ఉంది. పట్టా లేపాను. ఆకు దూసేసిన పోతు కాడలు. కాల్చాను అని నాతో చెప్పిన కాడలే.

"అవి ఉయ్యాల తాడుకక్కా," అంది స్వరూప. "నానబెట్టి నార తీస్తున్నడు. నైలాను తాడు బిడ్డకు ఒరుసుకుంటదని..."

ఒక మూల నార ఉంది, నిజమే. సగం పేనిన తాడూ ఉంది. అయినా దొంగ సొమ్ము దొంగ సొమ్మే. పోతు కాడలు దాచినవాడు ఇంకేం దాచలేదని ఎవరు చెప్పాలి? కత్తి దొరకలేదని చెప్పి అక్కణ్ణుంచి సరాసరి మేడం దగ్గరికి పోయాను.

మేడం మూడో గది తలుపు దగ్గరికే పోశంను పిలిపించింది. వాడు దాచలేదు.

"తీసుకున్న మేడం. కాల్చేటివే గదా అని తీసుకున్న. ఉండలు పగలక ముందు పెరికినయ్. వాటిల పొడి ఏడుంటది? ఒదినెకు తెల్వదా?"

"తెలుసు," అన్నాను. "పొడి సంగతి కాదు. దీపం సంగతి చెప్పు."

"ఏం దీపం?"

"చీకట్ల నువ్వు లోపటికి పట్టుకపోయిన దీపం."

వాడు నా మొహం చూశాడు. "ఇన్నేండ్లు ఒక్క తొట్టి కాడ పనిచేసినం. నన్ను గట్లనుకుంటున్నవా ఒదినె?"

"కాడలు కాల్చిన అని చెప్పింది నువ్వే."

మేడం తాళంచెవి అడిగి తీసుకుంది. పంపుల దగ్గరికి పొమ్మంది. పంపులు బాయికి అన్నిటికంటే అడుగున ఉంటాయి. అక్కడ పని అంటే మోకాలు లోతు నీళ్లు, ఎప్పుడూ దగ్గు.

"పోయొస్త," అన్నాడు. తాత సంగతి ఎత్తలేదు.

ఇరవై నాలుగో చీకటి

రెండో తాళంచెవి మేడం పెట్టెలో ఉంది. గదికి ఇప్పుడు నేనొక్కదాన్నే. పని రెండింతలైంది గాని మనసు నెమ్మదించింది.

ఈ రోజు తలుపు పక్క వరుసలో పసుపు తిత్తులు ఏడు. రెండో వరుసలో ఒకటి.

పాతవే ఆలస్యంగా బయటపడ్డాయేమో అనుకున్నాను. కాదు. నిన్న ఈ కొసలన్నీ కళ్లు దగ్గరపెట్టి చూశాను.

ఇరవై ఐదో చీకటి

మేడం దగ్గర రెండో చెవి ఉంది. పుట్టగొడుగులవాళ్లలో పెద్దమనిషి ఆమెకు మేనమామ వరస. ఈ గది వాళ్లకు పోతే ఎవరికి లాభం?

అన్నం తింటుంటే ఇదే తలలో తిరిగింది. రాజేశం ఒకటికి రెండుసార్లు పిలిస్తే గాని వినిపించలేదు. చుక్కలు అడుగంటాయి. సీసా వంచి తట్టితే గాని రావడం లేదు. కొత్త పంట చేతికి వచ్చే దాకా ఒక పూట మానేస్తానన్నాడు. ఆ పూటే చేతిలో రోకలి జారిపోయి పడ్డాడు. పళ్ల మధ్య గుడ్డ పెట్టి, పక్కకు తిప్పి పట్టుకున్నాను. తేరుకున్నాక మళ్లీ రోకలి వెతుక్కున్నాడు.

రేపు లోపలే ఉంటాను. ఎవరు వచ్చినా నా చేతికి దొరకాలి.

ఇరవై ఆరో చీకటి

మీట దించే పని పక్క గది మల్లుబాయికి అప్పజెప్పాను. ఎందుకని అడిగింది. ఫ్యాను చప్పుడు వినాలని చెప్పాను. లోపలికి పోయి, గొంగడి వదిలి, మొదటి వరుస వెనక తొట్ల మధ్య కూర్చున్నాను. కొడవలి పక్కన పెట్టుకున్నాను.

దీపాలు ఆరాయి.

ముందు ఏమీ కనిపించలేదు. ఇన్ని పంటలు తీశాను గాని చీకటి పడ్డాక ఈ గది లోపల ఎప్పుడూ లేను. తలుపు మూసి, మీట దించి, పోవడమే తెలుసు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఆకు కదులుతోంది. తలుపు వైపే చూస్తున్నాను.

కొంతసేపటికి నా చేతి వేళ్లు కనిపించాయి.

కొడవలి అంచు కనిపించింది. ముందున్న మొక్క కింది ఆకులు అడుగు వైపు నుంచి పచ్చగా కనిపించాయి. వెలుతురు కింద నుంచి వస్తోంది. తలుపు తెరుచుకోలేదు. ఎవరూ రాలేదు. లేచి రెండు తొట్లు దాటాను.

గొంగడి ముందు నేల మీద నా ముగ్గు వెలుగుతోంది. చుక్కలు, గీతలు, నేను వంపు తిప్పిన చోటల్లా. మిణుగురు పురుగు రంగు. మొన్న దిద్దిన మూల మిగతాదాని కంటే ఎక్కువగా వెలుగుతోంది.

చేత్తో తుడిచాను. అరచేయి వెలిగింది. కొంగుతో తుడిచాను. కొంగూ వెలిగింది. మల్లుబాయిని గట్టిగా పిలిచి దీపాలు వేయించాను. వెలుతురులో అది మామూలు తెల్ల ముగ్గు. రెండు బకెట్ల నీళ్లతో కడిగాను.

ఇంటికి పోయేసరికి రాజేశం జల్లెడ పడుతున్నాడు. మాట్లాడకుండా దీపం ఆర్పాను.

"ఏమైందే, కరెంటు పోయిందా?"

రాజేశం వేళ్ల కొసలు కనిపించాయి. రోకలి మొన, రోటి అంచు, జల్లెడ బద్ద. కనుబొమ్మ మీద ఒక మచ్చ, చెమట తుడుచుకున్నచోట.

"అరె," అన్నాడు రాజేశం, చేతులు తిప్పి చూసుకుంటూ. చిన్నగా నవ్వాడు. "ఇవి దారి బోర్డులే ఓదెమ్మా. పొగ నిండి దీపాలారిపోతే బయటికి తొవ్వ చూపెట్టేటివి. ఇంకా పనిచేస్తున్నయ్ సూడు."

"పోయిన పంట కాడికెళ్లి ఇదేనా ఇస్తున్నవ్?"

"తెల్లరాయి ఒడిసిపోయింది గదా."

నా మొహం కనిపించే వెలుతురు లేదు. కాసేపటికి ఆయన నవ్వు ఆగింది. "పోశం..." అన్నాడు.

"ఊఁ," అన్నాను.

ఇరవై ఏడో చీకటి

ముగ్గు కడిగేశాను. తిత్తులు ఏరేస్తే, మొదటి వరుస పెరికి పారేస్తే మిగతా పంట దక్కుతుంది. దొంగ పోయాడు, పంట నిలబడింది అని అందరూ అనుకుంటారు. మేడం అడగదు. రాజేశం చెప్పమంటే చెబుతాడు, వద్దంటే చెప్పడు.

రోజంతా తిత్తులు ఏరుతూ ఇదే లెక్క వేశాను. లెక్క ఎటు వేసినా నాకే లాభంగా వస్తోంది. అందుకే దాని మీద అనుమానం వచ్చింది.

నీళ్ల డ్రమ్ము దించడానికి పోయిన మల్లుబాయి చెప్పింది, పోశం దగ్గు పై మెట్టు దాకా వినిపిస్తోందని.

మేడం దగ్గరికి పోయి చెప్పాను.

"ముగ్గు ఎవలు పెట్టమన్నరు నిన్ను?"

"ఎవలు పెట్టమంటరు మేడం? పొట్టకొస్తే పెడతం."

"రెండు పంటలు. ఒకటి మొత్తం, ఒకటి సగం. పంపుల కాడ ఒక మనిషి ఉండాలె. పోశంను పైకి తెస్తే ఎవలను పంపాలె?"

నేనే అన్నట్టు నిలబడ్డాను. మేనమామ సంగతి మనసులో ఉంది గాని ఇప్పుడు ఎత్తే మొహం లేదు.

"గది పోశంది. వాటా గూడ పోశందే," అంది మేడం. "నీకిస్తడో ఇయ్యడో వాని ఇష్టం. నేను నడుమకు రాను."

పోశం మెట్లు ఎక్కి వస్తుంటే నేను దిగుతున్నాను. జరిగింది చెప్పాను. వాడు తడి చెప్పులు విప్పి చేత పట్టుకుని విన్నాడు.

"ముగ్గా?" అన్నాడు. ఇంకోసారి, "ముగ్గా ఒదినె?"

"రెండో వరుసల గూడ చూడు. వేలు తడి చేసుకొని తియ్యి. పొడి లేవద్దు."

"నాకు చెప్పకు," అని పైకి పోయాడు.

పంపుల దగ్గర

నీళ్లు మోకాలి కిందికి ఉన్నాయి. పంపులు రెండూ ఆడుతున్నాయి. ఇక్కడ రాయవలసింది ఇంతే. మిగతాది అలవాటు కొద్దీ రాస్తున్నాను.

ఇక్కడి దీపం సరిగా ఉండదు. ఊరికే ఆరిపోతుంది. ఆరినప్పుడు నడిస్తే పంపు గుంతలో పడతాం. రాజేశం ఒక డబ్బా పొడి పంపాడు. గుంత అంచు చుట్టూ, మెట్ల కొసల మీద గీత గీశాను. ఇక్కడ మొక్కలు లేవు.

ఈ రోజు పోశం దిగి వచ్చాడు. పంట కోశారని, నూనె తీశారని మల్లుబాయి ముందే చెప్పింది. మొదటి రెండు వరుసలు పోయినా గింజ కట్టలేదట. వస్తాడా రాడా అని నాలుగు రోజులుగా చూస్తున్నాను. స్వరూప వద్దంటుందని ఒకసారి, వాడే అమ్ముకుంటాడని ఒకసారి అనుకున్నాను. రాజేశం రోజుకొకసారి పడుతున్నాడు.

గీత దాటకుండా ఆగాడు. "ఇదేనా ఆ ముగ్గు?"

"అదే."

"పిల్ల పుట్టింది," అన్నాడు. "ఉయ్యాల కట్టినం. మంచిగున్నది తాడు, ఒరుసుకుంటలేదు."

"మంచిది."

"ఈసారి మా మంచం కింద సూడనీకి వస్తే ఉత్త చేతులతోని రాకు ఒదినె. పిల్లకు ఏమన్న పట్కరా."

జేబులోంచి సీసా తీసి మెట్టు మీద పెట్టాడు. చేతికి ఇవ్వలేదు. గీత తొక్కకుండా వెనక్కి తిరిగి ఎక్కిపోయాడు. దగ్గు పై మెట్టు దాకా వినిపించింది.

చప్పుడు ఆగే దాకా ఉండి, సీసాను దీపానికి ఎత్తి పట్టి చూశాను. మెడ దాకా ఉంది. మూత తీసి వాసన చూశాను. నీళ్లు కలిపి ఉంటాడేమోనని ఒక్క చుక్క నాలుక మీద వేసుకున్నాను.

చేదు. అసలుదే.